వాగులో షిఫ్టు

ఈ సంగతి రాసి పెట్టక తప్పదని ఒక బోర్డు చూశాక తెలిసింది.

మొన్న చలి మొదలవుతున్న రోజుల్లో మా మనవరాలు నన్ను కరీంనగర్‌లో పాత మోటారు బండ్ల ప్రదర్శనకు తీసుకుపోయింది. తివాచీ పరిచి, చుట్టూ ఎర్రతాళ్లు కట్టి, బండ్లను పెళ్లికొడుకుల్లా నిలబెట్టారు. చివరి వరుసలో ముదురాకుపచ్చ బండి ఒకటి ఉంది. మడిచే గుడ్డ టాపు, ముందు గుడ్లగూబ కళ్లలాంటి దీపాలు, స్టీరింగు పక్కన రబ్బరు బుగ్గ హారన్. నేను తాడు దగ్గర వంగి తలుపు లోపలి చెక్క చూశాను. గాలం కొక్కెం దిగిన చిన్న గుంట అక్కడే ఉంది. పాలిష్ పెట్టినవాళ్లు కూడా దాన్ని పూడ్చలేకపోయారు.

బండి పక్కన బోర్డు. ఫలానా దొరగారి బండి అని, ఆయన ఊరు విడిచాక గడి షెడ్డులోనే పడి ఉండి, ఇన్నాళ్లకు మళ్లీ ప్రాణం పోసుకుందని దాని మీద రాశారు. మేం ఆ బండిలో తిరిగిన చలికాలం అందులో లేదు. నేను ఏడో తరగతితో బడి ఆపినదాన్ని. మిగతా చదువంతా మా కాలనీ వాచనాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, నాకు నేనే చెప్పుకున్నాను. అచ్చులో తప్పు కనబడితే అంచున పెన్సిలుతో సరిదిద్దేదాన్ని. వాచనాలయం చూసే సారు ఎన్నోసార్లు తిట్టారు గానీ ఆ అలవాటు పోలేదు. బోర్డు మీద పెన్సిలు నడవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో గోదావరిఖని ఇంకా సగం అడవి, సగం కాలనీ. మా నాన్న, బాపు అనేవాళ్లం, బొగ్గుబాయిలో పని చేసేవాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. సాయంత్రమైతే ప్రతి వాకిట్లో బొగ్గు కుంపటి రాజేసేవాళ్లు. ఆ పొగ మొదట గొంతులో గుచ్చుకుని, కాసేపటికి అన్నం వాసనతో కలిసిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చిబొగ్గు పొగ తగిలితే నాకు ఆకలవుతుంది.

వారమంతా భూమి కింద ఉన్న మనిషికి ఆదివారం నాడు గోడలు గిట్టవు. బాపు తెల్లారగానే లేచి వాకిలి నుంచి రోడ్డుకి, రోడ్డు నుంచి వాకిలికి తిరిగేవాడు. చాయ సగం తాగి పెట్టేవాడు. అమ్మ చూసి చూసి, "ఏమన్న పోగొట్టుకున్నవా? ఎటన్న పో, నాకు కండ్లు తిరుగుతున్నయి" అనేది. వెంటనే గాలం కర్ర తీసుకుని గోదారి ఒడ్డుకి పోయేవాడు. లేదంటే కౌజు పిట్టల వల భుజాన వేసుకుని కమాన్‌పూర్ వైపు జొన్న చేన్లలోకి. వెనక నేను.

దసరాకు నెల రోజుల ముందు మామ ఆ బండిని ఎడ్లకు కట్టి లాక్కొచ్చాడు. మా నాయనమ్మ ఉండే ఊరి దొర కుటుంబం పట్నం పోయింది. పాత ఇనుము కింద పోవాల్సిన బండిని మామ ఎట్లా తెచ్చాడో, ఏ బేరం చేశాడో పిల్లలకు చెప్పలేదు. సీట్ల మీద కోళ్లు గుడ్లు పెట్టి ఉన్నాయి. తోలు వాసన, కోళ్ల వాసన, ఎండిన పెట్రోలు వాసన కలిసి కొట్టాయి. అమ్మ ముక్కు మూసుకుని, "నా తమ్మునికి ఒక్క పెండ్లాం చాలలేదా, ఇంకోదాన్ని తెచ్చుకున్నడు" అంది.

మామ ఇంజను విప్పి గోనెసంచి మీద పరిచాడు. నేను వాచనాలయం నుంచి మోటారు ఇంజన్ల పుస్తకం ఒకటి పట్టుకొచ్చి పక్కన కూర్చుని బిగ్గరగా చదివేదాన్ని. కాలనీలో ఆ పుస్తకం అంతకుముందు ఎవరూ తెరవలేదు. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, చాకుతో విడదీశాను. కొన్నిచోట్ల మామ పుస్తకం మాట విన్నాడు, కొన్నిచోట్ల పుస్తకానిదే తప్పన్నాడు. బొగ్గు ఒకప్పటి అడవి అని, పెట్రోలూ అట్లాంటి పాత ప్రాణాలదేనని చదివి వినిపించాను.

"అంటే మీ బాపు అడవిని తవ్వుతున్నడు, నేను అడవిని కాలవెడుతున్న. ఇగ మనమంతా అడవోళ్లమే" అన్నాడు మామ.

బతుకమ్మ పండుగ నాటికి అది దగ్గి, తుమ్మి, నడిచింది. గునుగు పూలు, తంగేడు పూలు తేవడానికి కాలనీ ఆడపిల్లలం అందులోనే పోయాం. వెనక సీటంతా పూలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నేను అంచున నిలబడ్డాను. అంత వేగంగా అంతకుముందు నేనెక్కడికీ పోలేదు. ఎడ్లబండి కంటే కొంచెమే ఎక్కువ వేగమని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎటో ఒకవైపు. సీతాఫలాలు కళ్లు తెరిచే రోజులు. గుట్టల కింద ఆగి పండు పగలగొట్టి తిని, గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేసుకునేవాళ్లం. బాపు గెలిచేవాడు. పొలం వాళ్లను అడిగి మక్క కంకులు తెంపి, ఎండుపుల్లలు పోగేసి కాల్చేవాళ్లం. అమ్మ కట్టిచ్చిన సర్వపిండిలోని పల్లీలు ఏరి, చెల్లెకు మిగలకుండా నేను ముందే తినేసేదాన్ని. గోదారి ఒడ్డున బాపు గాలం విసరబోతే కొక్కెం వెనక్కి వచ్చి బండి తలుపులో దిగింది. "పెద్ద చేపనే పట్టినవ్ బావ, ఇగ లాగు" అని మామ ఇసుకలో పడి నవ్వాడు. ఆ గుంటే నేను మొన్న చూసింది.

కానీ ఆ సంతోషంలో మొదటి రోజు నుంచీ ఒక రాయి పడి ఉంది. బండి ఏ ఊళ్లో అడుగుపెట్టినా మనుషులు లేచి నిలబడేవాళ్లు. అరుగు మీద చుట్ట తాగుతున్నవాళ్లు చుట్ట దాచేవాళ్లు. దారిలో పోయేవాళ్లు పక్కకు దిగి, చెప్పులు విడిచి చేత పట్టుకుని తల దించేవాళ్లు. ఆ హారన్ ఆ ఊళ్లన్నింటికీ తెలుసు. లోపల ఎవరున్నారని ఎవరూ తల ఎత్తి చూసేవాళ్లు కాదు. చూడకూడదన్నదే కదా అలవాటు.

మామకు మొదట్లో అది సరదా. చెయ్యెత్తి దండం అందుకునేవాడు. బాపు మాత్రం సీట్లో కిందికి జారిపోయేవాడు.

"హారన్ కొట్టకు."

"కొట్టకపోతే బర్రెలు జరుగయి బావ."

"బర్రెలు జరగనియ్యి. మనుషులు లేస్తున్నరు."

ఒక ఊళ్లో బాపు బండి ఆపించి, చెప్పులు చేత పట్టుకున్న ముసలాయన దగ్గరికి పోయాడు. "పెద్దయ్యా, నేను బాయిల పనిచేసేటోణ్ణి. చెప్పులు తొడుక్కో" అన్నాడు.

ఆయన బాపును చూడలేదు, బండిని చూశాడు. "ఎవలుంటేంది బిడ్డ. బండి గదే గదా."

మేం చాలా చేశాం. దీపాలకు పసుపు కుంకుమలు పెట్టాం. వెనక చేపల బుట్ట వేలాడదీశాం. టాపు తీసేసి, నేను ముందు నిలబడి, "కూసోండ్రి, లెవ్వకుండ్రి" అని అరుచుకుంటూ పోయాను. చిన్నపిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నిలబడే నవ్వారు.

నాయనమ్మ మా బండి ఎక్కనని ముందే కబురు పెట్టింది. ఆమె ఊరు ఒక వాగుకి అవతల. వాగు దాటితే గాని బస్సు లేదు. చలి ముదిరితే ఆమెకు దమ్ము లేచేది. అంతకుముందు ఏడాది పుష్యమాసంలో ఊపిరి అందక, కట్టెలా బిగుసుకుని, చావు అంచుదాకా పోయి వచ్చింది. దవాఖాన డాక్టరు ఇక చలికాలం ఆ ఊళ్లో ఉంచొద్దని బాపుకు గట్టిగా చెప్పాడు. కోతల కాలం కాబట్టి ఎడ్లబండ్లన్నీ కల్లాల్లో ఉన్నాయి. చలి పడకముందే ఆమెను తెచ్చుకోవాలని బాపు పగ్గం తెంపిన ఎద్దులా తిరుగుతున్నాడు. బండి వచ్చినప్పుడే, నా అవ్వను దీంట్ల కూసోబెట్టి తెస్త అన్నాడు.

ఆమె ఎందుకు ఎక్కనన్నదో అమ్మ నాకు చెప్పింది. మా తాత ఆ దొర ఇంట్లో, అంటే గడిలో, వెట్టి చేశాడు. రైలు స్టేషను నుంచి పెట్రోలు డబ్బాలు నెత్తిన మోసుకొచ్చేది ఆయనే. బండి వాగులో కూరుకుపోతే ఊరి మగవాళ్లతో కలిసి భుజం పెట్టి నూకేదీ ఆయనే. లోపల కూర్చున్నవాళ్లు కాళ్లు తడవకుండా ఒడ్డెక్కేవాళ్లు. ఇంటికొస్తే ఆయన జుట్టుకి, రుమాలుకి పెట్రోలు వాసన. చనిపోయినరోజు నీళ్లు పోసినా ఆ వాసన పోలేదని నాయనమ్మ అనేదట. జీవితమంతా నూకాడు, ఒక్కసారి కూడా ఎక్కలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం బాపూ నేనూ మక్క చేనుకని ముందు నడుస్తున్నాం. మామ బండిలో ఏదో బిగించి వెనక వస్తానన్నాడు. దగ్గరికి వచ్చి తమాషాకి గట్టిగా హారన్ నొక్కాడు.

బాపు రోడ్డు దిగాడు. తల వంచాడు. నేను చూసేసరికి ఆయన కుడి చెప్పు ఆయన చేతిలో ఉంది.

మామ నవ్వబోయి ఆగిపోయాడు. బాపు ఆ చెప్పు వైపు చూశాడు, అది ఇంకెవరిదో అన్నట్టు. తమ బండి. తన బామ్మర్ది. అయినా ఒళ్లు మనసును అడగలేదు. చిన్నప్పుడు తాత పక్కన నిలబడి నేర్చుకున్నది, అన్నేళ్లు భూమి కిందికి దిగి ఎక్కినా పోలేదు.

"బావ, నేను ఊకనే..."

"దీన్ని తీసేయ్. ఎవలకన్న ఇచ్చెయ్. నాకు కనవడొద్దు."

ఇంటిదాకా నడిచే వచ్చాడు. బండి మీద గోనెపట్టాలు కప్పారు. తర్వాత ఆదివారాల్లో బాపు గాలం కూడా ముట్టలేదు. వాకిట్లో తిరిగేవాడు, కప్పిన బండి దగ్గరికి వచ్చేసరికి వెనక్కి మళ్లేవాడు. పొద్దున కాలనీ మీద మంచు, పొగ కలిసి దిగేవి. బాయి సైరన్ ఎక్కడి నుంచో నీళ్లలో నుంచి వచ్చినట్టు వినబడేది. అది విన్నప్పుడల్లా బాపు తూర్పు వైపు, నాయనమ్మ ఊరి వైపు చూసేవాడు.

కబురు ఆ ఊరి నుంచే డ్యూటీకి వచ్చే ఒకాయన తెచ్చాడు. "మీ అవ్వకు రెండు దినాల సంది దమ్ము లేస్తుంది. కూసునే నిద్రపోతుంది."

బాపు పోయి గోనెపట్టాలు లాగేశాడు. మామ అప్పటికే ఇంజను తిప్పే హ్యాండిల్ తీసుకుని వస్తున్నాడు. ఎక్కి కూర్చున్న నన్ను దింపబోయారు గానీ నేను దిగలేదు.

వాగులో నీళ్లు మోకాలి కింది దాకే ఉన్నాయి. పోయేటప్పుడు ఎట్లాగో దాటాం. ఊళ్లోకి పోగానే గడి ముందు కూర్చున్నవాళ్లు లేచారు. నాయనమ్మ వాకిట్లో ఎండకి గొంగడి కప్పుకుని ఉంది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టుంది. బండిని చూసి మొహం తిప్పుకుంది.

"అవ్వ, లే. పోదాం."

"నడిచి వస్త."

"నడుస్తవా? వాకిలి దాటవు నువ్వు."

"మీ బాపు దీంట్ల ఎన్నడన్న కూసోని పోయిండా? నడిచి వస్త అన్న గదా."

కర్ర పట్టుకుని నడవనే నడిచింది. రెండు అడుగులు, ఒక దగ్గు. ఆమె వెనక మా బండి, పాలు మరవని దూడలాగా. మా వెనక సగం ఊరు. వాగు చేరేసరికి ఆమె పెదవులు నల్లబడ్డాయి. చల్లని నీళ్లలో ఆమె దిగే స్థితిలో లేదని అందరికీ తెలుసు. ముందు అవతలి ఒడ్డు దాకా గట్టి చోటు చూసి వద్దామని, బాపునూ నన్నూ ఎక్కించుకుని మామ బండి దింపాడు. నడి వాగులో వెనక చక్రాలు ఇసుకలో కూర్చున్నాయి.

ఎవరూ పిలవలేదు. ఒడ్డున ఉన్న ముసలివాళ్లు చెప్పులు విడిచి, పంచెలు ఎగ్గట్టి నీళ్లలోకి వచ్చేశారు. తాతతో కలిసి నూకినవాళ్లు వాళ్లు. అందరికంటే ముందున్నాయన, తాత జతగాడు, బండికి భుజం ఆనించి బాపుతో అన్నాడు:

"నువ్వు ఎక్కి కూసో దొరా. నీళ్లు సల్లగున్నయి."

బాపు మొహంలో ఏమైందో నాకు ఇప్పటికీ మాటల్లో రాదు. ఇన్ని పుస్తకాలు చదివాను, అట్లాంటి మొహం ఎక్కడా వర్ణించి లేదు. బండిలోంచి దూకి నీళ్లలో నిలబడ్డాడు.

"కాక, మా బాయిల ఒక కాయిదా ఉన్నది. ఎవ్వడూ ఎల్లకాలం కింద ఉండడు, ఎవ్వడూ ఎల్లకాలం పైన ఉండడు. సైరన్ అయితే కిందోడు పైకి రావాలె, పైనోడు కిందికి పోవాలె. ఇయ్యాల ఈ వాగుల గదే కాయిదా. నూకినోడు ఎక్కుతడు, ఎక్కినోడు దిగి నూకుతడు."

"సైరన్ ఏది మరి?" అన్నాడు కాక.

బాపు నా వైపు చూశాడు. నేను హారన్ బుగ్గ పట్టుకుని ఉన్నాను.

"గదే."

మొదటి షిఫ్టు బాపు, ఇంకో నలుగురు నూకారు. మామ ఇంజను పెంచాడు. మూర కదిలింది. నేను హారన్ నొక్కాను. ఎవరూ తల వంచలేదు, అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు. "షిఫ్టు అయింది, ఎక్కుండ్రి" అన్నాడు బాపు. కాక కదల్లేదు. బాపు, మామ చెరో రెక్క పట్టుకుని ఆయన్ని లేపి, తడి కాళ్లతో సహా వెనక సీట్లో కూలేశారు. ఆయన సీటు అంచున, రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నేరం చేసినట్టు కూర్చున్నాడు. బండి కదిలింది. సీటు స్ప్రింగు ఎగిరేసింది. ఆయన నోట్లోంచి నవ్వొచ్చింది.

"అరే, మెత్తగనే ఉన్నదిరా ఇది" అన్నాడు.

ఇక వాగు వాగులా లేదు. నేను హారన్ నొక్కడం, వీళ్లు దిగడం, వాళ్లు ఎక్కడం. "నీ షిఫ్టు అయింది దిగు", "ఓవర్‌టైం చేస్త, దిగ", "గట్టిగ నూకు, తిన్నది ఎటు పోతుంది". ముందుకు పోక, చివరికి గట్టి చోటు కోసం బండిని వెనక్కే నూకి ఊరివైపు ఒడ్డుకి తెచ్చారు. అక్కడ నాయనమ్మ రాయి మీద కూర్చుని అంతా చూస్తోంది.

ఆమె లేచింది. కర్రతో వచ్చి బండి వెనక రేకు మీద చెయ్యి పెట్టింది. తాత భుజం ఆనిన చోటు అదేనని ఆమెకు ఎట్లా తెలుసో. నూకిందో, పట్టుకుందో చెప్పలేను.

"హారన్ కొట్టు" అంది నాతో.

కొట్టాను.

"నా షిఫ్టు కాదు ఇది. మీ తాతది మిగిలున్నది. నేను కూసుంట."

మామ తలుపు తీశాడు. "ఏ సీటు అత్త?"

"దొర కూసునేది ఏదో, గది."

ఈసారి గట్టి ఇసుక చూసి అందరూ నూకారు; వాగు దాటేదాకా ఆమె కళ్లు మూసుకోలేదు. కాళ్ల కింద నీళ్లు పోతుంటే వంగి చూసింది. అవతలి ఒడ్డెక్కాక దించమంటుందేమోనని బాపు తడి బట్టలతో తలుపు దగ్గరికి వచ్చాడు. ఆమె గొంగడి సర్దుకుని, "ఏందట్ల చూస్తవ్, చలి పెడుతుంది, పోనియ్యి" అంది. వెనక వాగు అవతల నుంచి ఎవరో అరిచారు: "మళ్ల షిఫ్టు ఎప్పుడురా?"

ఆ చలికాలమంతా నాయనమ్మ మా వాకిట్లో కుంపటి పక్కన గడిపింది. కొన్నాళ్లకు ఈల ఊపిరి తగ్గింది. మేం మళ్లీ ఆదివారాలు తిరిగాం. మిగతా ఊళ్లలో లేచేవాళ్లు లేస్తూనే ఉన్నారు, అది ఒక్క చలికాలంలో పోయేది కాదు. కానీ ఆ ఒక్క ఊళ్లో హారన్ వినబడితే పిల్లలు ఉరికొచ్చి, "ఎవల షిఫ్టు" అని అడిగేవాళ్లు. అరుగు మీద కాక మాత్రం కూర్చునే చుట్ట పీల్చేవాడు. ఆయన లేవకపోవడం చూడటానికే బాపు అటు వైపు పోయేవాడని నా అనుమానం.

మరుసటి ఏడు మామకు కొత్తగూడెం బదిలీ అయింది. బండి ఇనుప సామానాయన దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఎవరి చేతులు మారిందో తెలియదు.

మొన్న ప్రదర్శనలో, కాపలా ఆయన అటు తిరిగినప్పుడు, తాడు కింద నుంచి చెయ్యి పెట్టి ఆ బుగ్గ నొక్కాను. రబ్బరు కొత్తది, గొంతు పాతదే. జనం తల తిప్పి చూసి మళ్లీ ఫోటోలు తీసుకున్నారు. గోడ పక్క కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్లు ఎవరూ లేవలేదు. నా కాళ్లు మాత్రం ఎవరినో ఎక్కించాలన్నట్టు కదిలాయి.

ఇంతవరకూ పేర్లు లేకుండా రాశాను. ఇంటి సంగతి పేర్లతో సహా ఊరికెక్కడం మావాళ్లకు ఇష్టం ఉండదు. కానీ సాయం చేసినవాళ్ల పేర్లు దాస్తే నేనూ ఆ బోర్డు రాసినవాళ్లలో చేరతాను. వాగులో ఎవరు ఎక్కడ నిలబడ్డారో కొత్తగూడెం నుంచి ఫోనులో గుర్తు చేసిన మా మామ రాజలింగుకు, సర్వపిండిలో పల్లీల సంగతి ఇప్పటికీ మర్చిపోని మా చెల్లె సరోజనకు, నన్ను ప్రదర్శనకు తీసుకుపోయిన మనవరాలు దివ్యకు, నా పెన్సిలు గీతలను చెరపకుండా వదిలేసిన వాచనాలయం సారు దానియేలు గారికి, తడి కాళ్లతో సీటెక్కిన పోశెట్టి కాకకు, రుణపడి ఉన్నాను. మా బాపు కొమురయ్య, నాయనమ్మ లచ్చవ్వ లేకుండా రాయడానికి ఏమీ లేదు.

చివరిది మా తాత పేరు. ఆ బండిని ఆయన ఎన్నిసార్లు వాగు దాటించాడో ఎవరూ ఎక్కడా రాయలేదు. మల్లయ్య.